ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర తెలిసేలా చూడవలసినవి ఏవి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. వచ్చే మే నెలలో నేనూ మా అమ్మగారూ అక్కడికి వెళ్తున్నాం. వాడికి ప్రయోగశాలలో పని ఉంటుంది కనుక ఒక శనివారం, ఆదివారం ఊరు మేమే చూసుకోవాలి. ముప్పైకి పైగా కళాశాలలు, వాటికి తోడు మ్యూజియంలు, చర్చిలు ఉన్నాయని చదివిన తర్వాత ఏది చూడాలో, ఏది వదిలేయవచ్చో తేల్చుకోలేకపోతున్నాను. నేను చరిత్ర పాఠాలు చెబుతాను. భవనాల ముందు ఫొటోలు దిగి వచ్చేయడం నాకు ఇష్టం లేదు. అమ్మగారు నిదానంగా ఎంత దూరమైనా నడుస్తారు గానీ మెట్లు ఎక్కలేరు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
ఆక్స్‌ఫర్డ్‌లో ప్రహరీ గోడ లోపల ఒక్కచోట ఉండే విశ్వవిద్యాలయ ప్రాంగణం కనిపించదు. కళాశాలలు, గ్రంథాలయాలు, ప్రార్థనా మందిరాలు అన్నీ ఊరి వీధుల్లోనే కలిసిపోయి ఉంటాయి. అందుచేత కళాశాలల జాబితా పక్కన పెట్టి, రాడ్‌క్లిఫ్ కెమెరా అనే గుండ్రటి గ్రంథాలయ భవనం చుట్టూ ఉన్న కొద్దిపాటి స్థలాన్నే శనివారం ఉదయమంతా చూడమని నా సలహా.

1602లో తెరిచిన బాడ్లియన్ గ్రంథాలయం అక్కడే ఉంది. దాని లోపలి ముంగిలిలోకి వెళ్లడానికి టికెట్టు అక్కర్లేదు. చుట్టూ ఉన్న తలుపుల మీద తర్కం, సంగీతం, ఖగోళశాస్త్రం, నీతిశాస్త్రం వంటి ఒకనాటి బోధనాంశాల పేర్లు లాటిన్‌లో బంగారు అక్షరాలతో రాసి ఉంటాయి. మీ వంటి అధ్యాపకులు ఆ తలుపులను ఒక్కొక్కటిగా చదువుకుంటూ తిరగవచ్చు. ఇక్కడ పాఠకులుగా చేరేవారు గ్రంథాలయంలోకి నిప్పు తీసుకురాబోమని, లోపల వెలిగించబోమని నేటికీ ప్రమాణం చేస్తారు. పదిహేనవ శతాబ్దపు డివినిటీ స్కూల్ మందిరానికి మాత్రం టికెట్టు కొనాలి. దాని రాతి కప్పు మీది చెక్కడాల కోసమైనా అది కొనదగినదే.

అక్కడికి ఎదురుగా సెయింట్ మేరీ చర్చి ఉంది. గోపురానికి 127 మెట్లు, అవీ ఇరుకైనవి కనుక అమ్మగారితో ఆ ఆలోచన వద్దు. చర్చి లోపల, ఉపన్యాస వేదికకు ఎదురుగా ఉన్న స్తంభానికి ఒకచోట రాయి కోసేసి ఉంటుంది. ఇంగ్లండ్‌ను క్యాథలిక్ రాణి మేరీ పాలిస్తున్న కాలంలో, 1556 మార్చి 21న ప్రొటెస్టెంట్ ఆర్చ్‌బిషప్ క్రాన్‌మర్‌ను నిలబెట్టిన వేదిక కోసం అలా కోశారని చెబుతారు. తన ప్రొటెస్టెంట్ విశ్వాసాన్ని విడిచిపెట్టినట్టు అందరి ఎదుటా ప్రకటిస్తాడని అధికారులు ఎదురు చూస్తుంటే, ఆయన అంతకు ముందు సంతకం చేసిన పత్రాలనే అబద్ధమన్నాడు. ఆ రోజే ఆయనను సజీవ దహనం చేశారు. సంతకం చేసిన కుడిచేతినే ముందుగా మంటలో పెట్టాడు. అంతకు కొన్ని నెలల ముందు, 1555 అక్టోబరు 16న, లాటిమర్, రిడ్లీ అనే బిషప్పులకు కూడా అదే శిక్ష పడింది. చర్చి చూసిన తర్వాత బ్రాడ్ స్ట్రీట్‌కు నడిచి వెళితే, ఆ దహనం జరిగిన చోట రోడ్డులో రాళ్లతో పరిచిన శిలువ గుర్తు కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ ఊళ్లో చరిత్ర ఇంత దగ్గరగా తగిలే చోటు మరొకటి లేదు.

రెండవ సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. మే నెల పరీక్షల కాలం కావడం వల్ల కళాశాలలు సందర్శకులకు వేళలు తగ్గించడమో, పూర్తిగా మూసివేయడమో జరుగుతుంది. బయలుదేరే రోజు ఉదయం ఆ కళాశాల వెబ్‌సైట్ చూసుకోండి. ఒక్క కళాశాలే చూడగలిగితే 1379లో స్థాపించిన న్యూ కాలేజ్ చూడండి. దాని తోటలో మధ్యయుగపు నగర ప్రాకారం ఇప్పటికీ నిలిచి ఉంది. స్థలం ఇచ్చినప్పుడు ఆ గోడను కాపాడాలని పెట్టిన షరతును కళాశాల నేటికీ పాటిస్తోంది. మేయరు మూడేళ్లకొకసారి వచ్చి గోడను పరిశీలించే ఆచారం ఉంది. కళాశాలలకు వెళ్లే దారిలో నల్లని గౌన్లు వేసుకుని, ఛాతీ మీద పువ్వు పెట్టుకున్న విద్యార్థులు ఎదురైతే ఆ రంగు గమనించండి: తెలుపు మొదటి పరీక్షకు, గులాబీ రంగు మధ్య పరీక్షలకు, ఎరుపు చివరి పరీక్షకు.

మూడవ సమాధానం:
భారతదేశంతో ముడిపడిన ఆనవాళ్లను ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. బ్రాడ్ స్ట్రీట్ చివర మలుపులో పాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ భవనం ఉంది. సంస్కృత ఆచార్యుడు మోనియర్ విలియమ్స్ పూనికతో పందొమ్మిదవ శతాబ్దం చివర్లో అది లేచింది. తల ఎత్తి చూస్తే శిఖరం మీద గాలివాటం చూపే ఏనుగు బొమ్మ కనిపిస్తుంది. రాడ్‌క్లిఫ్ కెమెరా పక్కనే ఉన్న ఆల్ సోల్స్ కళాశాలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు సభ్యులుగా ఉండేవారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి పదవిని విడిచిన 1936లోనే ఆయన ఇక్కడ ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల ఆచార్యులయ్యారు; 1952 వరకు ఆ పీఠంలో కొనసాగారు. ఇవన్నీ వీధిలో నిలబడే చూడవచ్చు కాబట్టి అమ్మగారికి శ్రమ ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. శనివారం సంగతి తేలిపోయింది. ఆదివారం ఒక్క మ్యూజియంకే సమయం ఉందనుకుంటే అష్మోలియన్‌కు వెళ్లాలా, పిట్ రివర్స్‌కు వెళ్లాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
రెండింటికీ ప్రవేశం ఉచితమే. కళాఖండాలు, పురావస్తువులు ఉండే అష్మోలియన్ నిస్సందేహంగా గొప్పదే గానీ, చరిత్ర బోధించేవారికి నేను 1884లో స్థాపించిన పిట్ రివర్స్‌నే సూచిస్తాను. అక్కడ వస్తువులను దేశాలవారీగా కాక, వాటి వాడుకను బట్టి అమర్చారు. సంగీత వాద్యాలు ఒకచోట, పడవలు ఒకచోట, తాయెత్తులు మరొకచోట ఉంటాయి. చాలా వస్తువులకు ఇప్పటికీ చేతిరాతతో రాసిన చిన్న చీటీలే ఉన్నాయి. వలస పాలన కాలంలో ఈ వస్తువులు ఎవరి చేతుల నుంచి ఎలా వచ్చాయన్న ప్రశ్నను మ్యూజియం తానే వేసుకుంటోంది. 2020లో అక్కడి మానవ శిరస్సుల ప్రదర్శనను తొలగించింది. పిట్ రివర్స్‌కు దారి ప్రకృతి చరిత్ర మ్యూజియం లోపలి నుంచే ఉంటుంది. డార్విన్ సిద్ధాంతం మీద 1860లో జీవశాస్త్రవేత్త హక్స్‌లీకి, బిషప్ విల్బర్‌ఫోర్స్‌కు వాదం జరిగింది ఆ భవనంలోనే. అక్కడి రాతి స్తంభాలు ఒక్కొక్కటి బ్రిటన్‌లో దొరికే ఒక్కో రకం శిలతో చేసినవి, ఏ శిలో కింద రాసి ఉంటుంది. అమ్మగారు కూర్చుని విశ్రాంతి తీసుకునేలోగా మీరు వాటిని చదువుకుంటూ ఒక చుట్టు తిరిగి రండి.