అప్‌డేట్: కొత్త ల్యాప్‌టాప్‌కు పాత వీజీఏ మానిటర్ కలిసింది

కొత్త ల్యాప్‌టాప్‌లో బొమ్మను బయటి తెరకు పంపడానికి హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రమే ఉంది, నాన్నగారి పాత 17 అంగుళాల మానిటర్‌కు పాత రకం వీజీఏ పోర్టు తప్ప వేరేది లేదు, కేబుల్ పెడితే 'నో సిగ్నల్' అని వస్తోందని పోయిన వారం అడిగాను. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

సమస్య కేబుల్‌లోనే. నేను కొన్నది రెండు కొసలా ప్లగ్గులున్న ఉత్త తీగ. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. మధ్యలో సిగ్నల్‌ను మార్చే చిప్ ఉండాల్సిందే. మీలో ఒకరు చెప్పినట్టు చిప్ ఉన్న కన్వర్టర్ తెచ్చి పెట్టగానే బొమ్మ వచ్చింది. కొనేటప్పుడు 'హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ' అని చూసుకోండి, తిరగేసిన రకం పనిచేయదు.

మొదట అక్షరాలు అలికినట్టు కనిపించాయి. రిజల్యూషన్‌ను ఆ మానిటర్‌కు సరిపోయే 1280×1024కు మార్చాక నాన్నగారు పేపర్ హాయిగా చదువుకుంటున్నారు. డ్రైవర్లు మళ్లీ వేయడం, విండోస్ అప్‌డేట్... వీటికీ ఈ 'నో సిగ్నల్' సమస్యకూ సంబంధమే లేదు.