హిమాలయన్ బాల్సమ్‌ను పెరట్లో వేసుకోవచ్చా?

ఎయిర్_ఒడ్డు:
ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎయిర్ నదికి దగ్గర్లో ఉంటాం. ఆగస్టులో ఒడ్డు పొడుగునా గులాబీ రంగు పూలే. మొక్క నాకంటే ఎత్తు, కాడ ఎర్రగా నీరు పట్టినట్టు ఉంటుంది. పండిన కాయ తాకితే టప్పున పేలుతుంది, మా పాపకు అదే ఆట. కశ్మీర్ నుంచి వచ్చిన మొక్క అని తెలిశాక ఇంకా ముచ్చటేసింది. కాసిని విత్తనాలు తెచ్చి పెరట్లో చల్లుదామంటే పక్కింటి పెద్దాయన కంగారుగా వద్దన్నారు. తేనెటీగలు ఇంతగా వాలే పువ్వుతో ఇబ్బందేమిటండీ?

వాగువెంట:
దయచేసి చల్లకండి. ఏటా వేసవిలో వాలంటీర్లతో కలిసి వాగుల వెంట ఈ మొక్కనే పీకుతుంటాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. 1839లో కశ్మీర్ విత్తనాలు లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానానికి వచ్చాయి. అందం కోసం తోటల్లో పెంచితే అక్కడి నుంచి నదులకెక్కింది. ఒక్కో మొక్క 800 దాకా విత్తనాలు వేస్తుంది. మీ పాప ఆడుకునే ఆ కాయ పేలితే గింజ 7 మీటర్ల దూరం దాకా పడుతుంది. నీళ్లలో పడ్డవి దిగువకు కొట్టుకుపోయి ఇంకో ఊరి ఒడ్డున మొలుస్తాయి.

అసలు నష్టం చలికాలంలో తెలుస్తుంది. వేసవంతా దీని నీడకు కింద గడ్డీ గాదం చచ్చిపోతాయి. ఏకవార్షిక మొక్క కాబట్టి మంచు పడగానే ఇదీ కుళ్లిపోతుంది. ఇక ఒడ్డున మట్టిని పట్టి ఉంచే వేళ్లే ఉండవు. వరద రాగానే ఆ మట్టంతా నదిలోకి జారిపోతుంది. నాకు బాధ కలిగించేది అదే. పైగా దీన్ని బయట నాటడం, పెరిగేలా చేయడం ఇక్కడ చట్టరీత్యా నేరం.

తేనెపట్టు:
తేనెటీగల మాట నిజమే. మా పెట్టెల్లోని ఈగలు సెప్టెంబరులో వీపున తెల్ల పుప్పొడి పూసుకుని వస్తాయి. ఆ నెలలో వాటికి వేరే మేత తక్కువ. అయినా పీకేయమనే నా మాట. తేనె ఎక్కువున్న చోటికే ఈగలన్నీ పోతే, పక్కనున్న ఇక్కడి పూలకు పరాగసంపర్కం తగ్గుతుంది. పెరట్లో ఐవీ తీగ పూయనివ్వండి, శరదృతువులో ఈగలకు అది చాలా మేలు.

ఎయిర్_ఒడ్డు:
ఇద్దరికీ థాంక్స్. చల్లనులెండి. మరి హిమాలయాల్లో ఇది ఎందుకు మితిమీరదు?

వాగువెంట:
అక్కడ దీన్ని తినే పురుగులు, పట్టే తెగుళ్లు దీనితోపాటే పెరిగాయి. ఇక్కడికి విత్తనం ఒక్కటే వచ్చింది, శత్రువులు రాలేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువులు కప్పేసిన గుర్రపుడెక్క సంగతీ ఇంతే. అందుకే హిమాలయాల నుంచే ఒక తుప్పు తెగులు శిలీంధ్రాన్ని తెచ్చి, బాగా పరీక్షించి, 2014లో ఇంగ్లండ్‌లో వదిలారు. అన్ని చోట్లా ఒకేలా పట్టలేదు, ఎందుకంటే ఒక్కో ఒడ్డున ఉన్న మొక్కల రకం వేరు. అది అంతటా పట్టేదాకా చేతులతో పీకడమే.

వేరు లోతుకు పోదు, సులువుగా వస్తుంది. మధ్యలో విరిస్తే మాత్రం కింది కణుపు నుంచి మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి వేరుతో సహా లాగాలి. కాయ పట్టకముందే, జూన్‌లో, నదికి ఎగువ నుంచి మొదలుపెట్టాలి. వచ్చే ఏడు మీరూ రండి, పాపనూ తీసుకురండి. పొడుగు చేతుల చొక్కా, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి, బాల్సమ్ మధ్యలో కుట్టే నెటిల్ మొక్కలు బాగా ఉంటాయి.