ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు: ఒక్క రోజులో ఏం చూడాలి?

అంబత్తూరు వాసి:
అందరికీ నమస్కారం. మాది తాడికొండ పక్కన. ఉద్యోగరీత్యా చెన్నైలో ఉంటున్నాను. వచ్చే శనివారం నా చిన్ననాటి స్నేహితుడు వస్తున్నాడు. బీచ్ వద్దు, షాపింగ్ వద్దు, "మన అమరావతి రాళ్లు అక్కడున్నాయంటగా, అవి చూపించరా చాలు" అంటున్నాడు. రాత్రి రైలుకి తిరిగి వెళ్లిపోతాడు. మ్యూజియం చాలా పెద్దదని విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? తప్పకుండా చూడాల్సింది ఏది?

మాచర్ల మాస్టారు:
శనివారం అన్నారు, బాగుంది. శుక్రవారం సెలవు. ఉదయం తొమ్మిదిన్నరకి తెరుస్తారు. ఎగ్మోరు స్టేషన్‌లో దిగితే పాంథియన్ రోడ్డు దగ్గరే.

1851లో పెట్టిన మ్యూజియం అది. ఒకే ఆవరణలో వేరువేరు భవనాలు. నాణేలు, జంతువులు, కంచు విగ్రహాలు, అన్నీ ఉంటాయి. అన్నీ చూద్దామని తిరిగితే సాయంత్రానికి కాళ్లు లాగడమే మిగులుతుంది. తిన్నగా అమరావతి గ్యాలరీకి వెళ్లండి. భోజనం వేళ దాకా అక్కడే ఉండండి.

నేను వెళ్లింది దుర్గిలో రాతిపని చేసే మా స్నేహితుడితో. నేను బోర్డులు చదువుతుంటే వాడు ఒక్కటీ చూడలేదు, రాయినే చూశాడు. "ఇది మన పల్నాటి సున్నపురాయే మాస్టారూ" అని, చెయ్యి వెయ్యకుండా మొహం దగ్గరగా పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా అటూ ఇటూ జరిగి చూశాడు. ముందు వరస బొమ్మల్ని ఎంత లోతుకి చెక్కారో, వెనక వరసని ఎంత పైపైన వదిలేశారో చూపించాడు. గుంపులో మనిషి వెనక మనిషి ఉన్నట్టు కనిపించేది అందుకేనట. ఆ మాట విన్నాక నాకు ప్రతి ఫలకమూ కొత్తగా కనిపించింది.

మీరు తప్పక చూడాల్సింది నలగిరి ఏనుగు ఫలకం. అమరావతిలో ఉండిన పెద్ద బౌద్ధ స్తూపం చుట్టూ కట్టిన రాతి కంచె మీది గుండ్రటి శిల్పం అది. బుద్ధుడంటే గిట్టని బంధువు దేవదత్తుడు ఆయన మీదికి మదపుటేనుగును వదిలించిన కథ. రాజగృహ నగరంలో ఒక వీధి. ఎడమవైపు ఏనుగు జనం మీద పడుతోంది, మనుషులు చెల్లాచెదురైపోతున్నారు. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు చూస్తున్నారు. ఒకామె భయంతో పక్కనున్నతన్ని పట్టుకుంది. కుడివైపుకి వచ్చేసరికి అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంది. ఒకే రాతిలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది, మధ్యలో గీత లేదు, విరామం లేదు. మా వాడు దాని ముందు నిలబడి, "గురువుగారు దీన్ని చూపించి నేర్పించి ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు. మనం మన పిల్లల్ని తీసుకెళ్లి చూపించాల్సిన రాయి అది.

ఇంకో సంగతి. కొన్ని ఫలకాల్లో బుద్ధుడు మనిషిగా ఉండడు. ఖాళీ సింహాసనం, చెట్టు, పాదాలు ఉంటాయి. మరికొన్నిటిలో నిలువెత్తు మనిషి. రెండూ పక్కపక్కన వెతికి పోల్చండి.

భోజనం అయ్యాక ఓపిక ఉంటే కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువాలంగాడు నటరాజును చూసి బయటపడండి. మిగతావి ఇంకోసారి.

అంబత్తూరు వాసి:
చాలా థాంక్స్ మాస్టారూ. మావాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఇవి ఇక్కడికెందుకొచ్చాయిరా?" ఏం చెప్పాలి?

మాచర్ల మాస్టారు:
అడగాల్సిన ప్రశ్నే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో పట్నం కట్టించేటప్పుడు దీపాలదిన్నెను, అంటే మట్టి కప్పేసిన ఆ స్తూపం దిబ్బను, తవ్వి ఇటుకలు, రాళ్లు తీసుకెళ్లారు. ఆ కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు చేర్చాడు. అవి చాలా ఏళ్లు ఎండావానల్లో ఉండిపోయాయి. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లింది. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి మళ్లీ మద్రాసు వచ్చాయి. వాటిని గోడల్లోకి సిమెంటుతో బిగించేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. కళాచరిత్రకారుడు శివరామమూర్తి గారు 1942లో ఈ శిల్పాల మీద రాసిన పుస్తకం దొరికితే ముందే తిరగెయ్యండి, నగలూ తలపాగాలూ కూడా బొమ్మలు గీసి చూపించారు.

థేమ్స్ తెలుగమ్మాయి:
మాస్టారు చెప్పిన లండన్ రాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతికి కేటాయించిన గదిలో, అద్దాల వెనక ఉన్నాయి. నేను మా గుంటూరు స్నేహితురాలితో వెళ్లాను. ఒక ఫలకానికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒకవైపు బోధివృక్షం, ఖాళీ సింహాసనం. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండోవైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు. అమరావతి స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు ఊహ అందేది ముఖ్యంగా అలాంటి ఫలకాల వల్లే. వాటి ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మీవాడికి రైల్లోనే చూపించండి. ఏ ముక్క ఎక్కడ ఉండేదో తెలిస్తే ఎగ్మోరులో చూడటం తేలికవుతుంది.

అంబత్తూరు వాసి:
వాడు రైలెక్కేలోపే ఆ ఫొటో వాట్సాప్‌లో పంపేస్తాను. ఏనుగు ఫలకం దగ్గరే మొదలుపెడతాం. ఇద్దరికీ కృతజ్ఞతలు.