సకినాలు, చేగోడీలు, కారప్పూసకు తోడుగా తక్కువ ధరలో ఏ వైన్ కొనాలి?

వనజ, హైదరాబాద్:

వచ్చే శనివారం పాత స్నేహితులు నలుగురు మా ఇంటికి వస్తున్నారు. వంట పెట్టుకోవడం లేదు. మా అత్తగారు కరీంనగర్ నుంచి డబ్బా నిండా సకినాలు పంపారు. చేగోడీలు, కారప్పూస, ఉప్పు జీడిపప్పు కొంటాను. వాటితో రెండు సీసాల వైన్ తీసుకుందామని ఉంది. ఖరీదైనవి వద్దు, మన దేశంలో తయారైనవే చాలు. పోయినసారి మావారు తెచ్చిన రెడ్ వైన్‌ను కారప్పూసతో తాగితే నోరంతా వగరెక్కి, మంట రెట్టింపయింది. మిగిలింది మర్నాడు జీడిపప్పుతో తాగితే ఎంతో బాగుంది. లోపం వైన్‌లో ఉందా, కారప్పూసలో ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

సత్యం, నాసిక్:

వనజ గారూ, రెండింటిలోనూ లోపం లేదు. మీ జీడిపప్పు మాటలోనే జవాబు ఉంది. ఉప్పు వైన్‌కు మేలు చేస్తుంది, కారం చెరుపు చేస్తుంది. అందరూ చిరుతిండి ఉప్పగా ఉందా అని చూస్తారు. చూడాల్సింది అందులో కారం ఎంత ఉందని.

నేను ఇక్కడ ఒక వైనరీలో వచ్చినవారికి వైన్ రుచి చూపించే పనిలో ఉన్నాను. పుల్లగా ఉండే వైట్ వైన్ మొదట ఉత్తగా ఒక గుక్క తాగమంటాను. ఆ తర్వాత ఉప్పు పల్లీలు నాలుగు నమిలి, అదే గ్లాసులోంచి మళ్ళీ తాగమంటాను. రెండో గుక్కలో పులుపు మెత్తబడి పండు రుచి తేలుతుంది. వైన్ మార్చారా అని అడిగేవారు చాలామంది. ఆ పల్లీలకే కారం పట్టించి ఇస్తే అంతా తిరగబడుతుంది. చేదు, వగరు ముందుకొస్తాయి, ఆల్కహాల్ గొంతులో మండుతుంది. రెడ్ వైన్‌లో వగరు ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది, రసాన్ని వాటితో కలిపే పులియబెడతారు కాబట్టి. వైట్ వైన్‌కు ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు. అందుకే కారం ఉన్నచోట వైట్ వైన్ నయం, అందులోనూ కాస్త తీపి ఉన్నది ఇంకా నయం.

మీ కారప్పూసకు, చేగోడీలకు షెనిన్ బ్లాంక్ తీసుకోండి. అదే పేరున్న ద్రాక్షతో చేసే వైట్ వైన్ ఇది. ఫ్రాన్సులో లువార్ నది లోయ ఈ ద్రాక్షకు పుట్టిల్లు. ఇక్కడి వైన్ కంపెనీ సులా వారు 1997లో నాసిక్ దగ్గర దీన్ని, సోవిన్యోన్ బ్లాంక్ అనే మరో వైట్ వైన్ ద్రాక్షను నాటారు. వారి షెనిన్ బ్లాంక్‌లో కొద్దిగా తీపి ఉంటుంది, ఆ తీపే మంటను అణచేది. దుకాణంలో తీయటి పోర్ట్ వైన్ ఇంకా చవక అని చేతిలో పెడతారు. మంటకు అదీ పనికొస్తుంది, కానీ సకినాల రుచిని పూర్తిగా మింగేస్తుంది. నేనైతే కొనను.

సకినాల సంగతి వేరు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, అంతే కదా! కారం లేదు. ఇంతకన్నా వైన్‌కు అనువైన పిండివంట నాకు తెలియదు. సోవిన్యోన్ బ్లాంక్‌లోని పచ్చి ఆకు వాసన వాముతో చక్కగా కలుస్తుంది. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే బ్రూట్ తెచ్చుకోండి, అంటే తీపి దాదాపు లేని, బుడగలు వచ్చే వైన్. సకినం కరకరలాడించాక నాలుక మీద సన్నటి నూనె పొర మిగులుతుంది, ఆ బుడగలూ పులుపూ దాన్ని కడిగేస్తాయి. ఇక్కడ ద్రాక్ష కోత కూడా మీ సకినాల కాలంలోనే, సంక్రాంతి ప్రాంతంలోనే జోరందుకుంటుంది. ఆ రోజుల్లో తోటలో నిలబడి సకినం తినాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

చవక వైన్‌కు చల్లదనం చాలా ముఖ్యం. వైట్ వైన్ ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకు పోయండి. వేసవిలో రెడ్ వైన్‌ను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. హైదరాబాద్ గది వేడిలో అందులోని ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది.

రఘు, డాలస్:

సత్యం గారు చెప్పిన ఉప్పు సంగతి ఇక్కడ నాకూ అనుభవమే. అమెరికాలో ఉన్నవారు ఎవరైనా చదువుతుంటే నా సలహా: స్పెయిన్ నుంచి వచ్చే బుడగల వైన్ కావా. షాంపేన్‌లాగే సీసాలోనే రెండోసారి పులియబెడతారు, ధర మాత్రం చాలా తక్కువ. చెక్కలతో, ఉత్త ఉప్పు వేసిన ఆలుగడ్డ చిప్స్‌తో దీనికి సాటి లేదు. జీడిపప్పుకైతే ఫీనో షెర్రీ, అంటే తీపి లేని, కాస్త ఘాటైన స్పెయిన్ వైన్. అక్కడి హెరెస్ ఊరివాళ్ళు ఉప్పు బాదంపప్పుతో తాగేది అదే. ఇందులో ఆల్కహాల్ 15 శాతం ఉంటుంది కాబట్టి కారంగా ఉండేవాటి దగ్గరకు మాత్రం దీన్ని తీసుకురావద్దు.

వనజ, హైదరాబాద్:

ఇద్దరికీ ధన్యవాదాలు. షెనిన్ బ్లాంక్ ఒకటి, బ్రూట్ ఒకటి తెస్తాను. ఇంకొక్క మాట సత్యం గారూ. వచ్చేవారిలో ఒకాయనకు ఊరమిరపకాయలు ప్రాణం. వేయించి పెట్టమని ఇప్పటికే ఫోన్ చేశారు. వాటికి ఏదైనా ఉందా?

సత్యం, నాసిక్:

వాటి ఉప్పూ మజ్జిగ పులుపూ వైన్‌కు ఇష్టమే, కానీ ఆ మంటకు ఏ వైనూ నిలవదు. ఆయనకు ఇష్టమైనది కాదనకండి. వేరే పళ్ళెంలో పెట్టి, పక్కన పెరుగు కలిపిన అన్నం ఓ గిన్నెడు ఉంచండి. బ్రూట్ మాత్రం మొదటే తెరిచి సకినాలతో ముగించండి, మూత తీశాక బుడగలు మర్నాటికి సరిగా నిలవవు. షెనిన్ మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు బాగుంటుంది.