లిమిటెడ్ ఎడిషన్ బండి అంటే రంగూ నంబరూ తప్ప ఇంకేమైనా ఉందా?

నల్లమల రైడర్:
మా ఫ్రెండ్ ఒకడు సెకండ్ హ్యాండ్‌లో పెగాసస్ కొందామని చూస్తున్నాడు. అమ్మేవాడు "దేశం మొత్తం మీద 250 బండ్లే" అని ఒకటే పాట, అదే ఏడాది మామూలు క్లాసిక్ 500 కంటే చాలా ఎక్కువ అడుగుతున్నాడు. తెలియనివాళ్ల కోసం: 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు క్లాసిక్ 500 మీద తెచ్చిన ఎడిషన్ ఇది. ప్రపంచం మొత్తానికి 1000, మనకి 250. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్లతో దింపిన ఫ్లయింగ్ ఫ్లీ అనే 125 సీసీ బుల్లి బండికి గుర్తుగా అన్నమాట. ట్యాంకు మీద సీరియల్ నంబరు, పక్కన కాన్వాస్ సంచులు, ఎయిర్‌ఫిల్టర్ డబ్బా మీద తోలు పట్టీ. ఇంజిన్ మాత్రం అదే 499 సీసీ. ఫ్లీని మనుషులే ఎత్తి కంచె దాటించేవాళ్లట, దాని గుర్తుగా వచ్చినదేమో 190 కిలోలు దాటింది, అది వేరే కామెడీ. నా మాట సూటిగా చెప్తున్నా, మోసం అనలేను గానీ దానికి ఎంతో దూరంలో కూడా లేదు. మీరేమంటారు?

సింగిల్ సిలిండర్:
మోసం ఎక్కడుంది బ్రో? ఇంజిన్ మారలేదని అమ్మకానికి ముందే చెప్పారు. జూలై 10న జనం తాకిడికి సైట్ పడిపోతే 25కి వాయిదా వేశారు, ఆ రోజు 178 సెకన్లలో 250 అయిపోయాయి. ఎవడి మెడ మీదా కత్తి పెట్టి కొనిపించలేదు. అన్నీ తెలిసి కొనుక్కున్నవాళ్లు సంతోషంగా ఉంటే మధ్యలో మనకెందుకు మంట?

బోడుప్పల్ బుల్లెట్:
సంతోషం ఎన్ని రోజులుందో అది కూడా చెప్పు అన్నా. ఆగస్టు 28న, అంటే నెల తిరిగేసరికి క్లాసిక్ 350 సిగ్నల్స్ అనే ఎడిషన్ దించిన్రు. అదే మిలిటరీ లుక్, అదే నల్ల సైలెన్సర్, ట్యాంకు మీద నంబరు కూడా. ఎక్స్‌షోరూమ్ 1.62 లక్షల దగ్గర, పైగా డ్యూయల్ ఛానల్ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు కొట్టినా రెండు చక్రాలూ లాక్ కాకుండా చూసేది! ఇటు పెగాసస్‌కి ఆన్‌రోడ్ రెండున్నర లక్షల దాకా పెట్టినోడికి ఏబీఎస్ లేదు. కంచి పట్టుచీర కొన్న నెలకే అదే అంచు, అదే రంగు సగం ధరకి పక్క షాపులో వేలాడితే ఎట్లుంటది? అల్వార్ మహారాజు రోల్స్‌రాయిస్‌లతో చెత్త ఎత్తించిండని ఒక కథ ఉంది కదా, కంపెనీ మీద కోపంతో కొందరు ఓనర్లు అదే గుర్తు చేస్తూ పెగాసస్ మీద చెత్త మోసి ఫొటోలు పెట్టిన్రు. వార్తల్లో కూడా వచ్చింది. ఊరికే ఎవడూ రెండున్నర లక్షల బండి మీద చెత్త వెయ్యడు.

సింగిల్ సిలిండర్:
350, 500 ఒకటేనా? రంగు దగ్గరగా ఉందని బండి ఒకటే అయిపోదు. 250 అన్నారు, 250 దగ్గరే ఆగారు. ఏబీఎస్ సంగతికొస్తే, అప్పటికి రూల్ ఏంటంటే కొత్త మోడల్స్‌కి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే మార్కెట్లో ఉన్నవాటికి 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. పెగాసస్ పాత మోడల్ మీద చేసిన ఎడిషన్ కాబట్టి రూల్ ప్రకారం అవసరం లేదు.

కార్బ్యురేటర్:
రూల్ ప్రకారం సరే. ఆ రూల్ వస్తోందని కంపెనీకి తెలుసా, తెలియదా? ఫ్యాక్టరీలో ఏబీఎస్ సిగ్నల్స్ ఒక పక్క రెడీ అవుతుంటే ఇంకో పక్క పెగాసస్ ఏబీఎస్ లేకుండా బయటికి వెళ్తోంది. నాకు గుచ్చుకునేది అక్కడే. రంగు కాపీ కొట్టడం గురించి నేను పట్టించుకోను, కానీ ఎక్కువ డబ్బు ఇచ్చినవాడికి బ్రేకుల విషయంలో తక్కువ ఇవ్వడం ఏ లెక్కలో ప్రత్యేకం?

టూ స్ట్రోక్ మావయ్య:
అందరూ ఆ ఒక్క బండి పట్టుకునే కూర్చున్నారు. 2021లో రాయల్ ఎన్‌ఫీల్డ్‌కి 120 ఏళ్లు నిండినప్పుడు వచ్చిన ఎడిషన్ సంగతి కూడా చూడండి. ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ రెండూ కలిపి ప్రపంచానికి 480, మన దేశానికి 120, అంటే ఒక్కో మోడల్ 60. ట్యాంకు మీద ఆ బ్లాక్ క్రోమ్ పని చెన్నై తిరువొత్తియూర్‌లోని పాత ఫ్యాక్టరీలోనే చేశారు. సన్న గీతలు చేత్తో వేసినవి. ట్యాంకు బ్యాడ్జి ఇత్తడిది, కుంభకోణంలో తరాలుగా ఆ పని చేస్తున్న శిల్పుల కుటుంబంతో చేయించారు. అది స్టిక్కరు కాదండీ. చేతి పనికి డబ్బు ఇవ్వడం తప్పు అంటే నేను ఒప్పుకోను. చేతితో గీత గీసే మనిషి రోజుకి ఎన్ని ట్యాంకులు చేయగలడు? అక్కడ సంఖ్య తక్కువ ఉండటానికి ఒక కారణం ఉంది. పెగాసస్‌లో 250 అనడానికి ఆ కారణం లేదు, కావాలంటే 25 వేలు కూడా చేసేవాళ్లు.

నల్లమల రైడర్:
ఈ తేడా బాగుంది అండీ. అంటే చేయలేక తక్కువ చేయడం ఒకటి, చేయగలిగి కూడా తక్కువ చేయడం ఇంకొకటి.

సింగిల్ సిలిండర్:
కొనేవాడికి రెండూ ఒకటే. వాడికి కావాల్సింది ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పక్కన అదే బండి ఆగకపోవడం.

గేర్ నాలుగు:
అంత సరదా ఉంటే మామూలు బండి కొని పెయింటర్ దగ్గరికి పోండి బాబూ. ట్యాంకు, మడ్‌గార్డులు, సైడ్ ప్యానెళ్లు అన్నీ మీకు నచ్చిన రంగు. ప్రపంచంలో ఒక్కటే బండి, వెయ్యి కూడా కాదు.

కార్బ్యురేటర్:
పెయింటర్ పని బాగానే చేస్తాడు, తర్వాత ఆర్టీవో ఆఫీసుకి ఎవరు వెళ్తారు? ఆర్సీలో ఉన్న రంగు వేరు, రోడ్డు మీద రంగు వేరు అయితే చెకింగ్‌లో ఆపినప్పుడు, అంతకంటే ముఖ్యంగా బండి అమ్మేటప్పుడు తలనొప్పి. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి. ఇంకో మాట, ఆలివ్ గ్రీన్ వేయించాలని మాత్రం ఎవరూ అనుకోకండి, అది రక్షణ శాఖ వాహనాలకే. పెగాసస్ కూడా బయటి దేశాల్లో బ్రౌన్, ఆలివ్ రెండు రంగుల్లో వస్తే మనకి బ్రౌన్ ఒక్కటే ఇచ్చింది అందుకే.

విశాఖ ట్విన్:
ఇన్ని మాట్లాడుతున్నారు, పడిపోతే ఏంటో ఒక్కరూ అడగలేదు. నా దగ్గర ఒక స్పెషల్ ఎడిషన్ ఉంది, కంపెనీ పేరు చెప్పను. పార్కింగ్‌లో ఎవరో తోసేస్తే ట్యాంకు సొట్ట పడింది. సర్వీస్ సెంటర్‌లో ఏమన్నారంటే ఆ రంగు ట్యాంకు స్పేర్‌గా రాదు, మామూలు నలుపుది వేస్తాం, లేదంటే మీరే బయట పెయింట్ చేయించుకోండి అని. ఇన్సూరెన్స్ సర్వేయర్ ఆ మోడల్ మామూలు ట్యాంకు ధరకే లెక్క కట్టాడు. కొనేటప్పుడు ప్రత్యేకం, క్లెయిమ్ దగ్గరికి వచ్చేసరికి అందరితో పాటే. చివరికి టింకరింగ్ చేయించి, దగ్గర రంగు ఒకటి కలిపించి వేయించా, ఎండలో చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి కొనేముందు అడగాల్సింది ఎన్ని బండ్లు చేశారని కాదు, ఎన్ని ట్యాంకులు విడిగా పెట్టారని. బుకింగ్ కాగితంలో ఆ లైన్ ఎక్కడైనా ఉంటే చూపించండి.

బోడుప్పల్ బుల్లెట్:
అబ్బ, ఇది అసలు పాయింటు.

టూ స్ట్రోక్ మావయ్య:
న్యాయమైన మాట బాబూ. చేతి పని ఉన్న బండికైతే ఇది ఇంకా కష్టం, ఆ ట్యాంకు మళ్లీ చేసేవాళ్లు కావాలి కదా.

గేర్ నాలుగు:
రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లదే షాట్‌గన్ 650 సంగతేంటి మరి? 2024 జనవరిలో మామూలుది 3.59 లక్షల దగ్గర మొదలైంది. కంపెనీ ఏటా చేసే రైడర్ల పండుగ మోటోవర్స్ పేరుతో తెచ్చిన ఎడిషన్ 25 బండ్లు, 4.25 లక్షలు. తర్వాత 2025లో రైడింగ్ జాకెట్లు, హెల్మెట్లు చేసే ఐకాన్ వాళ్లతో కలిసి 100 బండ్లు, మనకి 25, మళ్లీ అదే 4.25, ఈసారి జాకెట్ ఫ్రీ. అరవై వేలు పైన ఇస్తే వచ్చే జాకెట్‌ని ఫ్రీ అనడం మన దగ్గరే చెల్లుతుంది. ఇక 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకి జీఎస్టీ 40 శాతం, అంతకుముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. మీ స్పెషల్ పెయింటు మీద కూడా ఆ నలభై పడుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

సింగిల్ సిలిండర్:
25 బండ్ల కోసం ఇక్కడ ఇంత గోల. అవి మనలో ఎవరికీ దొరకవు, దొరికినవాళ్లకి అరవై వేలు లెక్క కాదు. హీరో వాళ్లు వ్యవస్థాపకుడి శతజయంతికి చేసిన సెంటెనియల్ ఎడిషన్ వేలంలో ఒక బండి 20 లక్షలు దాటింది, ఆ డబ్బు సేవా పనులకి ఇస్తామని ముందే చెప్పారు, ఎవరైనా ఏడ్చారా?

కార్బ్యురేటర్:
ఏడవరు, ఎందుకంటే అక్కడ ధర కొనేవాడే చెప్పాడు, డబ్బు ఎటు పోతుందో కూడా ముందే తెలుసు. నేను మెచ్చుకునేది 2019లో జావా చేసిన పని. కంపెనీకి 90 ఏళ్లు నిండాయని 90 బండ్లు, డ్యూయల్ ఛానల్ ఏబీఎస్‌తోనే, మామూలు డ్యూయల్ ఛానల్ బండితో పోలిస్తే ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. లక్కీ డ్రాలో ఇచ్చారు. మిగతావాళ్లు డెలివరీ కోసం నెలల తరబడి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటే ఈ తొంభై మందికి వెంటనే ఇచ్చారని అప్పుడు అరిచినవాళ్లు ఉన్నారు, అది వేరే గొడవ. కానీ అభిమానం మీద అదనంగా వసూలు చేయకుండా కూడా ఎడిషన్ తేవచ్చని అది చూపించింది. పెగాసస్‌లో ఏబీఎస్ పెట్టి పదివేలు ఎక్కువ అడిగినా ఆ 178 సెకన్లు 180 అయ్యేవేమో, అంతే.

సింగిల్ సిలిండర్:
సరే, ఏబీఎస్ దగ్గర మీతో వాదించను, పెట్టి ఉండాల్సింది. రంగు, నంబరు విషయంలో మాత్రం నా మాట నాదే. ఎవడి సరదా వాడిది.

నల్లమల రైడర్:
ఇప్పుడు మావాడికి ఏం చెప్పమంటారు? వాడు రోజూ తిప్పడానికే అంటున్నాడు, ఇంట్లో పెట్టి పూజ చేసే రకం కాదు.

విశాఖ ట్విన్:
రోజూ తిప్పడానికైతే వద్దు అనే చెబుతా. క్లాసిక్ 500 బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు రాకముందే 2020లో ఆగిపోయింది. ఇంజిన్ సామాన్ల సంగతి మంచి మెకానిక్‌ని అడగండి, రంగు వేసిన సామాన్ల సంగతి మాత్రం నన్ను అడగండి. ఏబీఎస్ ఉన్న 500 కావాలంటే 2019 ఏప్రిల్ తర్వాతది మామూలు క్లాసిక్ చూసుకోమనండి, మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, టైర్లు వస్తాయి.

టూ స్ట్రోక్ మావయ్య:
అయినా సరే అదే కావాలంటే ముందు ట్యాంకు మీద నంబరు, కాగితాలు, ఆర్సీలో రంగు సరిచూసుకోమనండి. మామూలు 500కి బ్రౌన్ రంగు కొట్టి అమ్మడం పెద్ద కష్టం కాదు. కాన్వాస్ సంచులు కూడా అడగండి, వానకి తడిసి బూజు పట్టి పారేసినవాళ్లు ఉంటారు. అవి లేవంటే ధర గట్టిగా తగ్గించి అడగమనండి, ఎందుకంటే ఆ బండిలో అదనంగా ఇచ్చినవే అవి.

బోడుప్పల్ బుల్లెట్:
తోలు పట్టీ కూడా అడుగు అన్నా, మర్చిపోకు.