కడుపు సున్నితమైన ల్యాబ్రడార్‌కి ఇంటి వంటా, ప్యాకెట్ ఫుడ్డా?

బ్రూనో వాళ్ళిల్లు
నమస్తే అండీ. మాది నిజాంపేట. మా ల్యాబ్రడార్‌కి నాలుగేళ్ళు, 31 కిలోలు. కొన్ని వారాలు బాగానే ఉంటాడు, తర్వాత ఉన్నట్టుండి మోషన్స్. రోజుకి ఐదారుసార్లు, కొంచెం కొంచెంగా, చివర్లో జిగురు. అప్పుడప్పుడూ ఎర్రటి చార కూడా. తిండి మానడు, బరువు తగ్గలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ప్రతిసారీ మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్, ప్రోబయోటిక్ పొడి. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. మల పరీక్ష ఒకసారి చేయించాం, ఏమీ లేదన్నారు. పెరుగన్నం ఆపేసి చాలా రోజులైంది. ఇప్పుడు డాక్టరు హైడ్రొలైజ్డ్ ప్రోటీన్ ప్యాకెట్ రాశారు, కిలో వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. మా ఆయనేమో ఇంట్లోనే చికెన్, అన్నం ఉడికించి పెడదాం అంటున్నారు. ఏది నయమో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాత కాపు
అమ్మా, పెరుగన్నం ఎందుకు ఆపారు? తెనాలిలో మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ కుక్కలే. అన్నీ పెరుగన్నం తినే పెరిగాయి, ముసలివై పోయాయి. ఒక్కదానికీ డాక్టరు అవసరం రాలేదు. కడుపు చెడితే ఒక పూట పస్తు, మర్నాడు పల్చటి మజ్జిగ అన్నం. అంతే వైద్యం. కిలో వెయ్యి పెట్టి ఎండిపోయిన గింజలు కొనడం ఏం ఖర్మ? మనం తినే బియ్యానికే అంత పెట్టడం లేదు.

లేబుల్ చదివేవాడు
పాత కాపు గారూ, ఆవిడ పెరుగు ఆపేశానని చెప్పారు, చదివారా? ఎదిగిన కుక్కల్లో పాలలోని చక్కెరని (లాక్టోజ్) అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ బాగా తగ్గిపోతుంది. పాలలో లాక్టోజ్ దాదాపు 5 శాతం ఉంటుంది. తోడుకున్నాక కొంత తగ్గుతుంది, మొత్తం పోదు. పైగా అలర్జీ అయితే సమస్య లాక్టోజ్‌తో కాదు, పాల ప్రోటీన్‌తో. అది పెరుగులోనూ ఉంటుంది, మజ్జిగలోనూ ఉంటుంది. కుక్కల ఆహార అలర్జీల మీద 2016లో వచ్చిన సమీక్షలో ఎక్కువగా కనిపించినవి వరసగా గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. అంటే పెరుగన్నం మానేసి చికెన్ అన్నానికి వెళ్ళడం కూడా గ్యారంటీ ఏమీ కాదు. డాక్టర్ రాసిన ప్యాకెట్ పెట్టండి. హైడ్రొలైజ్డ్ అంటే ప్రోటీన్‌ని ముందే చిన్నచిన్న ముక్కలుగా విరగ్గొట్టడం. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తుపట్టి గొడవ చేసే అవకాశం తక్కువ.

కాకినాడ కాజా
ల్యాబ్ తిండి మానడు అని చెప్పడం దేనికి? ల్యాబ్ తిండి మానితే అప్పుడు అంబులెన్సు పిలవాలి.

పాత కాపు
లేబుల్ బాబూ, లాక్టోజ్ లెక్కలు నాకొద్దు. పులిసిన పెరుగు వేరు, ప్యాకెట్ పెరుగు వేరు. ఇంట్లో తోడేసిన పెరుగు ఎప్పుడైనా పెట్టి చూశావా?

లేబుల్ చదివేవాడు
తోడు ఎక్కడ వేశారన్నది పేగులకి తెలియదు సార్.

గన్నవరం వెట్ స్టూడెంట్
ఫైనల్ ఇయర్. మధ్యలో ఒక్క మాట. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, జిగురు, ఎర్రటి రక్తం, బరువు తగ్గకపోవడం: ఇది పెద్దపేగు వైపు చూపిస్తుంది. ఒక్క నమూనా చూసి జియార్డియా అనే పేగు పరాన్నజీవి లేదని తేల్చలేం, అది ప్రతిరోజూ మలంలో బయటపడదు. వేర్వేరు రోజుల నమూనాలు మూడు ఇవ్వండి, లేకపోతే యాంటిజెన్ టెస్ట్ అడగండి. ప్రతిసారీ మెట్రోనిడజోల్ మాత్రం మంచిది కాదు, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది. పెద్దపేగు కేసుల్లో ఇసబ్గోల్ లాంటి పీచు చాలామందికి పనిచేస్తుంది. మోతాదు మీ డాక్టర్‌ని అడగండి.

షీబా వాళ్ళ నాన్న
ఎవరూ అసలు సంగతి మాట్లాడటం లేదు. పాంక్రియాస్! మా జర్మన్ షెపర్డ్‌కి ఇలాగే మోషన్స్. ఎన్ని ప్యాకెట్లు మార్చామో లెక్కలేదు. ఒక క్లినిక్‌లో ప్రతిసారీ ‘ఫుడ్ పడలేదు, ఇది మార్చండి’ అని వాళ్ళ కౌంటర్‌లో ఉన్న కొత్త బ్యాగే అమ్మారు. కుక్క గిన్నెడు గిన్నెడు తింటూ ఎముకల గూడైపోయింది. చివరికి ఇంకో డాక్టరు టీఎల్ఐ రక్తపరీక్ష చేయిస్తే, పాంక్రియాస్ జీర్ణరసాలు తయారుచేయడం లేదని తేలింది. ఎంజైమ్ పొడి కలిపి పెట్టడం మొదలుపెట్టాక, అదే పాత తిండితో, ఒళ్ళు చేసింది. మీరు ఆ పరీక్ష వెంటనే చేయించండి. ఫుడ్ గొడవంతా దండగ.

గన్నవరం వెట్ స్టూడెంట్
సార్, అది జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ. అందులో మలం లేతరంగులో, జిడ్డుగా, బోలెడంత వస్తుంది, బరువు పడిపోతుంది. బ్రూనో బరువు తగ్గలేదు కదా.

షీబా వాళ్ళ నాన్న
మాకూ మొదట్లో అలాగే చెప్పారు.

డాలస్ బుజ్జి
ఏ ప్యాకెట్ కొన్నా సరే, గ్రెయిన్ ఫ్రీ (ధాన్యం లేని ఫుడ్) వైపు వెళ్ళకండి. ఇక్కడ అమెరికాలో ఒకప్పుడు అందరూ అవే కొన్నారు. 2018 జులైలో ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది: బఠాణీ, కందిజాతి పప్పులు, బంగాళాదుంప ఎక్కువగా ఉన్న ఫుడ్స్ తిన్న కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బు కేసులు వస్తున్నాయని, విచారిస్తున్నామని. కారణం ఇదే అని తేల్చలేదు. కొత్త సమాచారం వస్తే తప్ప ఇక ప్రకటనలు ఇవ్వబోమని 2022 చివర్లో చెప్పారు. అయినా బియ్యం పడుతున్న కుక్కకి బియ్యం మాన్పించి బఠాణీ పెట్టడం దేనికి?

లేబుల్ చదివేవాడు
ఈ విషయంలో బుజ్జి గారితో ఏకీభవిస్తాను. మనుషులతో కలిసి బతికాక కుక్కల్లో పిండిపదార్థం అరిగించే జన్యువు కాపీలు పెరిగాయని 2013లోనే చూపించారు. తోడేలుకీ కుక్కకీ ఉన్న తేడాల్లో అదొకటి. కాబట్టి అన్నం శత్రువు కాదు. నా గొడవ అన్నంతో కాదు, అంచనా వంటతో. చికెన్, అన్నం నాలుగు రోజులు మోషన్స్ తగ్గడానికి సరిపోతుంది. నెలల తరబడి అదే పెడితే కాల్షియం చాలదు, అయోడిన్, జింక్ చాలవు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. పిల్ల కుక్కలకైతే ఎముకలు వంకరపోతాయి. ఇంట్లో వండేవాళ్ళలో ఎంతమంది గ్రాములు తూచి, కాల్షియం కలిపి పెడుతున్నారు? నేనైతే కిచెన్ స్కేల్ మీద పెట్టకుండా గిన్నెలో ఏదీ వేయను. ఇంకో సంగతి: సంచీ మీద పెద్దక్షరాల్లో ‘ల్యాంబ్ అండ్ రైస్’ అని ఉంటుంది, వెనక తిప్పితే చికెన్ మీల్ (కోడిని ఎండబెట్టి చేసిన పొడి), చికెన్ ఫ్యాట్. చదవకుండా కొంటే మార్చినట్టే కాదు. షాపుల్లో గోనెసంచీ విప్పి లూజుగా అమ్మేది అసలు కొనకండి. మన వానాకాలం తేమకి అది ఎప్పుడు బూజు పట్టిందో ఎవరికీ తెలియదు.

పాత కాపు
గ్రాములు తూచి ప్రేమ చూపించే కాలం వచ్చింది. మా అమ్మ చేత్తో కలిపి పెట్టింది, స్కేలు లేదు. కుక్కలు బతకలేదా?

లేబుల్ చదివేవాడు
బతికినవే గుర్తుంటాయి సార్. చిన్నప్పుడే పోయినవాటిని ‘దాని ఆయుష్షు అంతే’ అని పాతిపెట్టేవాళ్ళం. మీకు లెక్క లేదు, అందుకే లోటూ కనపడలేదు.

పాత కాపు
నువ్వు మా ఇంటి కుక్కల్ని చూశావా? చూడనివాటి గురించి నోరు పారేసుకోకు. గిన్నె కడగడానికి బద్ధకమై గింజలు పోసేవాళ్ళు కూడా నాకు పాఠాలు చెప్పడమే! చికెన్, అన్నం ఉడకబెట్టడం పావుగంట పని. ఇష్టం ఉండాలి.

నాటుకుక్క జిందాబాద్
మన వీధికుక్కని తెచ్చుకుంటే ఈ గొడవే లేదు. రాళ్ళు తిన్నా అరిగించుకుంటుంది.

గన్నవరం వెట్ స్టూడెంట్
వీధికుక్కలకీ జియార్డియా వస్తుందండీ, కొంకిపురుగులూ ఉంటాయి. మీరు వాటి మలం పరీక్ష చేయించరు, అంతే.

బ్రూనో వాళ్ళిల్లు
పాత కాపు గారూ, పెద్దవారు, ఏమీ అనుకోకండి. పావుగంట పని అన్నారు. ఎవరి పావుగంట? మా అత్తగారి వంటింట్లోకి మాంసం రాదు. బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ పెట్టి, వేరే కుక్కర్‌లో ఉడికించి, స్కిన్ తీసి, ఎముకలు ఏరి, చల్లార్చి పెట్టాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడకుండా చూసుకోవాలి. ఇదంతా తొమ్మిదింటికి నా మీటింగ్ మొదలయ్యేలోపు. వండుదాం అన్న మా ఆయన ఇప్పటిదాకా ఆ కుక్కర్ మూత పెట్టింది లేదు. రాత్రి రెండింటికి మోషన్స్ అయితే హాలు తుడిచేది కూడా నేనే. ప్యాకెట్ కొంటానంటే ‘మూగజీవికి రెండు మెతుకులు ఉడకేసే ఓపిక లేదు’ అనే మాట వస్తుంది. మీరు కూడా ఇప్పుడు అదే అన్నారు, వేరే మాటల్లో. నేను ఇక్కడ అడిగింది రెండింటిలో బ్రూనో కడుపుకి ఏది మేలని. నా ప్రేమ సరిపోతుందా అని అడగలేదు.

డాలస్ బుజ్జి
👏 అక్కా, ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది.

గన్నవరం వెట్ స్టూడెంట్
మేడం, ఒక ప్రశ్న. గిన్నెలో పెట్టేది కాకుండా రోజంతా ఇంకేమేం తింటున్నాడు? ఎవరెవరు పెడతారు?

బ్రూనో వాళ్ళిల్లు
మామయ్యగారు పొద్దున టీలో బిస్కెట్లు ముంచి పెడతారు. సాయంత్రం పాలగిన్నె అడుగు నాకిస్తారు. పండగలకీ, చుట్టాలొచ్చినప్పుడూ స్వీట్లు. పనమ్మాయి చపాతీ ముక్కలు వేస్తుంది.

లేబుల్ చదివేవాడు
అయిపోయింది. ఇన్ని పోస్టులు వృథా. పాలు, గోధుమ రెండూ రోజూ లోపలికి వెళ్తున్నాయి, మనం ఇక్కడ పెరుగు గురించి కొట్టుకుంటున్నాం! మేడం, ఏ ఫుడ్ కొన్నా దండగే. ముందు మీ మామగారిని ఆపండి. గట్టిగా చెప్పండి. ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

బ్రూనో వాళ్ళిల్లు
మీరొచ్చి చెప్తారా? మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?

లేబుల్ చదివేవాడు
నేనూ, నా కుక్కా. బెంగళూరు.

కాకినాడ కాజా
😂😂 అదీ సంగతి.

పాత కాపు
ఫ్రిజ్ మీద అంటించమన్నావు కదా బాబూ. మా ఇంట్లో అంటించారు. ఇప్పుడు నేను తెనాలిలో లేను, కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ‘తాతయ్యా, రాకీకి ఏమీ పెట్టకండి’ అని మనవరాలి చేత రాయించి అంటించారు. వాళ్ళందరూ ఎనిమిదిన్నరకి వెళ్ళిపోతారు. సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది నేనూ, వాడూ. నేను తింటుంటే వాడు కాళ్ళ దగ్గర కూర్చుని మొహంలోకి చూస్తాడు. నేను కంచం తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుని తినాలా? కడుపు పాడవుతుందంటే నాకు మాత్రం బాధ ఉండదా? నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా? కాగితం అంటించారు. ఈ అమ్మాయి మామగారికి కూడా అదే చేయమంటున్నావు. పెరుగు సంగతి వదిలెయ్, నాకు కోపం వచ్చింది అందుకే.

షీబా వాళ్ళ నాన్న
పెద్దాయన మాటలో న్యాయం ఉంది. కానీ టీఎల్ఐ పరీక్ష మాత్రం చేయించండి.

బ్రూనో వాళ్ళిల్లు
పాత కాపు గారూ, మా మామయ్యగారికి కూడా నేను సరిగ్గా చెప్పింది లేదనే అనుకుంటున్నాను. ‘పెట్టకండి’ అని మాత్రం చాలాసార్లు అన్నాం.

గన్నవరం వెట్ స్టూడెంట్
దీనికి మా ప్రొఫెసర్ చెప్పే పద్ధతి ఒకటుంది. ఆ రోజు పెట్టాల్సిన ఫుడ్ మొత్తం పొద్దున్నే తూచి, అందులోంచి ఒక గుప్పెడు చిన్న డబ్బాలో పోసి పెద్దాయన చేతికి ఇవ్వండి. టీ టైముకి బిస్కెట్ బదులు ఆ గింజలే ఒక్కొక్కటి పెడతారు. కుక్కకి కావాల్సింది ఆయన చేతిలోంచి రావడం. పాత ఫుడ్ నుంచి కొత్తదానికి వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. పూర్తిగా మారాక, మోషన్స్ విషయంలో ఫలితం చాలావరకు రెండు వారాల్లో తెలిసిపోతుంది, చర్మం దురదకైతే రెండు నెలలు ఆగాలి. మీవాడికి మధ్యలో కొన్ని వారాలు ఎలాగూ బాగుంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ రోజులు చూడండి. ఆ రోజుల్లో వేరేది ఒక్క ముక్క కూడా వద్దు. పిడుదుల కోసం ఇచ్చే నమిలే మాత్రలో కూడా మాంసం ఫ్లేవర్ ఉండొచ్చు, ముందే డాక్టర్‌ని అడగండి. జియార్డియా పరీక్ష మాత్రం ఈ ట్రయల్ మొదలయ్యే ముందే.

లేబుల్ చదివేవాడు
డబ్బా ఆలోచన బాగుంది. కానీ ఆ గుప్పెడు రోజు మొత్తంలోంచి తీయాలి, అదనంగా కాదు. ల్యాబ్ ఊరికే లావెక్కుతుంది. వాటిలో దాదాపు నాలుగో వంతుకి ఆకలి పెంచే జన్యు మార్పు ఉంటుందని తేలింది.

పాత కాపు
ఆ గింజల్ని కాస్త టీలో ముంచి పెట్టొచ్చా?

లేబుల్ చదివేవాడు
వద్దు సార్.

గన్నవరం వెట్ స్టూడెంట్
టీ వద్దండీ. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పెట్టండి, బాగా తింటాడు.

బ్రూనో వాళ్ళిల్లు
సరే. రేపటి నుంచి నమూనాలు ఇవ్వడం మొదలు, వాటి రిజల్ట్ వచ్చాక ప్యాకెట్. మామయ్యగారితో ఈ రాత్రి మా ఆయన మాట్లాడతారు, నేను కాదు. ట్రయల్ అయ్యాక బ్రూనోకి తగ్గితే, అప్పుడు డాక్టర్ చేత లెక్క వేయించుకుని ఇంటి వంట గురించి ఆలోచిస్తాం. ఆ కుక్కర్ ఎవరు పెడతారో ముందు తేలాక.

పాత కాపు
మంచిది అమ్మా. పెరుగు విషయంలో మాత్రం నా మాట నాదే.