బ్లాస్టింగ్ అయిన అంబాసిడర్ రేకు మీద మొదట ఏ ప్రైమర్ కొట్టాలి?

ప్రశ్న (కాకినాడ)

నమస్కారమండీ. మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 బాడీ పని మొదలుపెట్టాం. ఇంజను, అద్దాలు, వైరింగ్, సీట్లు అన్నీ విప్పేశాం. పాత పెయింటు పొరలు పొరలుగా ఉంది, దాని కింద లప్పం, లప్పం కింద తుప్పు. గీకితే తేలేది కాదని బ్లాస్టింగ్‌కి (గాలి ఒత్తిడితో గరుకు గింజలు కొట్టి పెయింటు, తుప్పు రాల్చే పని) ఇస్తున్నాం. ముందుగా బానెట్, ముందు డోర్లు పంపాను. సాయంత్రం తెచ్చి షెడ్డులో పెట్టినప్పుడు రేకు బూడిద రంగులో శుభ్రంగా ఉంది. పొద్దున చూస్తే బానెట్ అంతా పలచగా నారింజ రంగు తిరిగింది. రాస్తే వేలికి అంటుతోంది. రాత్రి వాన లేదు, షెడ్డు కారలేదు.

మా పెయింటర్ గారు రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) పూసి, పైన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి లప్పం పెట్టేద్దాం, ఏళ్ల తరబడి ఇదే పద్ధతి అంటున్నారు. తెలిసినవాళ్లలో ఒకరు ఎచ్ ప్రైమర్ (యాసిడ్‌తో రేకుని కొరికి పట్టుకునేది) అంటే ఇంకొకరు ఎపాక్సీ అంటున్నారు. వచ్చే వారం బాడీ షెల్ కూడా బ్లాస్టింగ్‌కి వెళ్లాలి. టెన్షన్‌గా ఉంది. ఏది మొదట, ఏది తర్వాత, కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు (విజయవాడ ఆటోనగర్, పెయింటింగ్ షెడ్డు)

కంగారు పడకండి, ఆ బానెట్ ఏమీ పాడవలేదు. కానీ ఆ నారింజ పూత ఉండగా దాని మీద ఏ ప్రైమరూ కొట్టనివ్వకండి.

పెయింటు, తుప్పు అన్నీ పోయి ఇప్పుడు పచ్చి ఇనుము బయటపడింది. గింజల దెబ్బకి రేకు గరుకెక్కి, గాలి తగిలే వైశాల్యం కూడా పెరిగింది. కాకినాడ గాలిలో తేమకి తోడు ఉప్పు ఉంటుంది. తెల్లవారుజామున రేకు చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడితే దాని మీద కంటికి ఆనని చెమ్మ పడుతుంది. వాన అక్కర్లేదు, అంతే చాలు. దీన్నే ఫ్లాష్ రస్ట్ అంటారు. అందుకే బ్లాస్టింగ్ అయిన రోజే ప్రైమర్ పడిపోవాలి. మన కోస్తాలో అయితే పొద్దున బ్లాస్టింగ్, సాయంత్రం లోపు ప్రైమర్. రాత్రి గడవకూడదు.

ఇక ఏ ప్రైమర్ అంటే నా మాట ఒక్కటే: టూ ప్యాక్ ఎపాక్సీ. అంటే ప్రైమర్ ఒక డబ్బా, హార్డ్‌నర్ ఒక డబ్బా ఉండేది. అది గరుకు రేకుని గట్టిగా పట్టుకుంటుంది, తేమని లోపలికి పోనివ్వదు. దాని మీద లప్పం పెట్టుకోవచ్చు, సీమ్ సీలర్ (రేకుల అతుకులు మూసే ముద్ద) వేసుకోవచ్చు, సర్ఫేసర్ (రంగుకి ముందు నున్నగా చేసే పొర) కొట్టుకోవచ్చు. రెండు కోట్లు నిండుగా పడితే బాడీ పని నెలలు సాగినా షెడ్డు నీడలో నిశ్చింతగా ఉంటుంది. ఎండలో మాత్రం వదిలేయకండి, ఎపాక్సీకి ఎండ పడదు, పైన సున్నంలా పొడి లేస్తుంది.

రస్ట్ కన్వర్టర్ గురించి గట్టిగానే చెప్తున్నాను. వాటిలో చాలావాటిలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. ఎపాక్సీ హార్డ్‌నర్ క్షార గుణం ఉన్న అమైన్. యాసిడ్ పూర్తిగా కడిగేయకుండా పైన ఎపాక్సీ కొడితే, రేకుకి ఆనుకున్న ఆ పలచటి పొరలోనే హార్డ్‌నర్ దెబ్బతింటుంది. పైకి ఎండినట్టే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. కొన్నాళ్లకి గోరు పెడితే బిళ్లలుగా లేచి వస్తుంది. పోనీ యాసిడ్‌ని కడగాలంటే మళ్లీ నీళ్లు పోయాలి, నీళ్లు పోస్తే మళ్లీ తుప్పు. డబ్బులు పెట్టి బ్లాస్టింగ్ చేయించింది తుప్పుని మార్చడానికి కాదు, లేకుండా చేయడానికి. అది అయిపోయాక కన్వర్టర్‌తో పని లేదు.

ఎచ్ ప్రైమర్ చెడ్డది కాదు. అల్యూమినియం మీద, నున్నటి కొత్త రేకు మీద బాగా పనిచేస్తుంది. కానీ అది చాలా పలచటి పొర, తేమని ఒంటరిగా ఆపలేదు. అందులోనూ యాసిడే ఉంటుంది కాబట్టి దాని మీద ఎపాక్సీ కొట్టొద్దని చాలా కంపెనీలు డబ్బా కాగితంలోనే రాస్తాయి. లప్పం కూడా నేరుగా దాని మీద పెట్టకూడదు. గరుకు రేకుకి ఎపాక్సీ తనంతట తానే పట్టుకుంటున్నప్పుడు మధ్యలో ఇంకో పొర ఎందుకు?

మరో సభ్యుడు (రాజమండ్రి)

అన్నా, ఒక మాట. మా నాన్న అంబాసిడర్లు, పద్మినీలు ఎన్నో చేశారు, అన్నీ రెడ్ ఆక్సైడే. వాటిలో కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. పాతవాళ్ల పని అంతా తప్పు అనడం సబబు కాదేమో.

జవాబు (విజయవాడ ఆటోనగర్)

తప్పు అనడం లేదు తమ్ముడూ. అప్పటి పద్ధతిలో కింద రెడ్ ఆక్సైడ్, పైన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటో ఎనామెలో. అన్నీ ఒకదానికొకటి సరిపడేవి. ఆ చేతిపనికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఇప్పుడు పైన కొట్టేది టూకే (హార్డ్‌నర్ కలిపే రకం) సర్ఫేసర్, బేస్ కోట్ అనే రంగు పొర, దాని మీద మెరుపు కోసం క్లియర్. వాటి థిన్నర్ ఘాటుకి కింద ఉన్న సింగిల్ ప్యాక్ రెడ్ ఆక్సైడ్ మెత్తబడి ముడతలు పడి లేస్తుంది. పైగా హార్డ్‌వేర్ షాపులో గేట్లకి, గ్రిల్స్‌కి అమ్మే రెడ్ ఆక్సైడ్ వేరు రకం సరుకు. దాని మీద కారు పెయింటు కట్టడం పునాది లేని గోడ కట్టడమే.

మరో సభ్యుడు (విశాఖ, కోటింగ్ ఇన్‌స్పెక్షన్ ఉద్యోగం)

పైన చెప్పినదంతా సరైనదే. మా ట్యాంకులు, పైపుల పనిలో పాటించేవి కొన్ని కారుకీ అక్షరాలా పనికొస్తాయి.

మొదటిది తేమ లెక్క. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే సుమారు 26 డిగ్రీల దగ్గర రేకు మీద చెమ్మ పడుతుంది. రేకు వేడి దానికన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే పెయింటు కొట్టాలి. అంటే ఇక్కడ 29 దాటాలి. తేమ 85 శాతం దాటితే ఆ పూట పని ఆపేయడమే మంచిది. చిన్న డిజిటల్ తేమ మీటరు, రేకు వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఊహతో పని ఉండదు. మీ ఊళ్లో పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు వరకు మంచి సమయం.

రెండోది కంప్రెసర్ గాలి. గన్ను తీసేసి పైపు నుంచి వచ్చే గాలిని తెల్ల గుడ్డ మీద ఒక నిమిషం కొట్టి చూడండి. తడి గానీ నూనె మరక గానీ కనిపిస్తే అదంతా మీ ప్రైమర్ కిందికి పోతుంది. పని మొదలుపెట్టే ముందు ట్యాంకు అడుగున నీళ్లు వదలాలి, గన్నుకి దగ్గరగా వాటర్ ట్రాప్ ఉండాలి.

మూడోది దుమ్ము. రేకు మీద సెల్లో టేపు గట్టిగా అదిమి తీసి తెల్ల కాగితం మీద అంటించండి. టేపు బూడిద రంగులో కనిపిస్తే ఇంకా గాలి కొట్టాలి, వాక్యూమ్ పట్టాలి.

ఇంకొకటి, సముద్ర తీరపు బళ్లలో తప్పకుండా చూడాల్సింది. బ్లాస్టింగ్ అయిన గంటా రెండు గంటల్లోనే పాత తుప్పు గుంటల్లో నల్లటి చుక్కలు మళ్లీ తేలితే అక్కడ ఉప్పు మిగిలి ఉన్నట్టు. పైపైన ఎంత శుభ్రంగా ఉన్నా అక్కడే బుడగలు వస్తాయి. ఆ చోట్లని ఉప్పు లేని నీళ్లతో, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ అయినా సరే, బ్రష్‌తో రుద్ది కడిగి, వెంటనే గాలితో ఆరబెట్టి, ఆ మేరకి మళ్లీ బ్లాస్ట్ చేయించండి.

ప్రశ్న అడిగినవారు

చాలా చాలా ధన్యవాదాలండీ. మూడు సందేహాలు. ఇప్పుడు ఆ బానెట్‌ని ఏం చేయాలి? బాడీ షెల్ పెద్దది కదా, ఒక్క రోజులో బ్లాస్టింగ్, ప్రైమర్ రెండూ ఎలా? బ్లాస్టింగ్ వాళ్లు ఇసుక వాడతాం అంటున్నారు, ఫర్వాలేదా?

జవాబు (విజయవాడ ఆటోనగర్)

ఇసుక సంగతి ముందు. వద్దు. ఇసుక పగిలి లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, అది తగ్గే జబ్బు కాదు. కొట్టే కుర్రాడి గురించి మనమే అడగాలి. గార్నెట్ వాడమనండి, మన శ్రీకాకుళం, భీమిలి తీరపు ఇసుకలో దొరికే ఎర్రటి గింజే అది. బానెట్, రూఫ్, డోర్ల లాంటి వెడల్పు రేకుల మీద ఒత్తిడి 40 పీఎస్ఐ దాటొద్దని, గన్ను నేరుగా కాకుండా ఏటవాలుగా పట్టమని, ఒకే చోట ఆపొద్దని రాసి ఇవ్వండి. రేకు వంకర పోయేది వేడికి అనుకుంటారు గానీ, ఎక్కువగా గింజలు ఒకే వైపు బాది ఆ పై పొరని సాగదీయడం వల్ల. ఆ ఉబ్బుని డెంటర్ కూడా మళ్లీ పూర్తిగా సరిచేయలేడు.

బానెట్‌కి: పూత పలచగానే ఉంది కాబట్టి తక్కువ ఒత్తిడితో మళ్లీ ఒక చేయి బ్లాస్టింగ్ వేయిస్తే ఉత్తమం. అది కుదరకపోతే 80 నంబరు పేపరు డీఏ సాండర్‌కి (గుండ్రంగా తిరుగుతూ రుద్దే మెషీన్) పెట్టి, నారింజ రంగు ఎక్కడా లేకుండా పచ్చి లోహం మెరిసేదాకా తీయండి. మూలల్లో చేత్తో. వైర్ బ్రష్‌తో సరిపెట్టకండి, అది తుప్పుని గుంటల్లోకి పులిమి పైన నున్నగా చేస్తుంది. తర్వాత గాలి కొట్టి, వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో తుడవండి. ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపు రెండో పొడి గుడ్డతో లాగేయాలి. ఒకే గుడ్డతో రుద్దితే జిడ్డు ఊరేగుతుంది తప్ప పోదు. పీచు రాలని గుడ్డ వాడండి, గరుకు రేకు పోగుల్ని పట్టేస్తుంది. బ్లాస్టింగ్ షెడ్డు నుంచి మోసేటప్పటి నుంచీ అందరి చేతులకీ గ్లవ్స్ ఉండాలి. చెమట చేయి పడిన చోట తర్వాత అయిదు వేళ్ల ముద్ర తుప్పుగా తేలడం మా షెడ్డుకి వచ్చే బళ్ల మీద చూస్తూనే ఉంటాం.

బాడీ షెల్‌కి: బ్లాస్టింగ్ జరిగే చోటే ప్రైమర్ కొట్టే ఏర్పాటు చేసుకోండి. మీ పెయింటర్‌ని, గన్నుని అక్కడికే తీసుకెళ్లండి. ఒక్క రోజులో కాదనుకుంటే భాగాలుగా చేయండి: మొదటి రోజు ఫ్లోర్, అడుగు భాగం, రెండో రోజు లోపల, డిక్కీ, మూడో రోజు పైన. ఏ రోజు తీసింది ఆ రోజే ఎపాక్సీ. కలిసే చోట నాలుగు వేళ్ల వెడల్పు మేర ముందు రోజు ప్రైమర్‌ని పేపరుతో గరుకు చేసి దాని మీదికి ఎక్కించండి.

అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బలమంతా ఫ్లోరు కింద పెట్టెలు, డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్ బాక్సుల్లోనే. బ్లాస్టింగ్ గింజలు వాటిలో కిలోల లెక్కన చేరతాయి. డ్రెయిన్ రంధ్రాలు తెరిచి, రబ్బరు సుత్తితో తడుతూ, గాలి కొడుతూ, షెల్‌ని అటూ ఇటూ వంచి ఖాళీ చేయండి. లేకపోతే మీరు ప్రైమర్ కొడుతున్నప్పుడే గన్ను గాలికి సందుల్లోంచి ఎగిరొచ్చి తడి ప్రైమర్ మీద పడతాయి. ఆ పెట్టెల లోపలికి గన్ను పోదు, రంగు పని అంతా అయ్యాక క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి.

ఎపాక్సీ కొట్టడం: డబ్బాని అడుగంటా కలపండి, బరువైన పొడి అంతా కిందే ఉంటుంది. హార్డ్‌నర్ కంపెనీ చెప్పిన కొలతలోనే, కంటి అంచనా పనికిరాదు. కొన్ని రకాలు కలిపాక పావుగంట, అరగంట ఊరనివ్వాలి. గన్ను నోరు 1.4 నుంచి 1.6 మిల్లీమీటర్లు. మొదటి కోటు మధ్యస్థంగా, మెరుపు తగ్గాక రెండోది నిండుగా. ఆ తర్వాత సాండింగ్ లేకుండా పై పొర వేసుకునే గడువు ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, డబ్బా కాగితంలో చూసుకోండి. గడువు దాటితే 180 నుంచి 320 మధ్య పేపరు పట్టాకే పైది.

మరో సభ్యుడు (టెక్సస్)

ఇక్కడ చాలామంది రేకు వంగదని సోడా బ్లాస్టింగ్ చేయిస్తారు. నిజమే, వంగదు. కానీ సోడా తుప్పుని తీయదు, రేకుని గరుకూ చేయదు. మిగిలిపోయే తెల్ల పొడి క్షారం, దాన్ని బాగా కడగకపోతే ఎపాక్సీ అయినా నిలవదు. ఎవరైనా సోడా అని చెప్తే, కడిగి ఆరబెట్టి 80 పేపరు పట్టాకే ప్రైమర్ కొట్టండి.

మరో సభ్యుడు (విశాఖ)

మాస్కు సంగతి ఎవరూ చెప్పలేదు. ఎపాక్సీకి ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. తర్వాత కొట్టే టూకే సర్ఫేసర్, క్లియర్ హార్డ్‌నర్లలో ఐసోసైనేట్లు ఉంటాయి, ఒకసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసం. దానికి బయటి నుంచి మంచి గాలి వచ్చే మాస్కు కావాలి. ముక్కుకి కట్టుకునే గుడ్డ, కాగితం మాస్కు ఏ రకంగానూ ఆపవు. 1972 నాటి పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి బ్లాస్టింగ్ ధూళి దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

పెయింటర్ గారికి ఇదంతా చదివి వినిపించాను. యాసిడ్, హార్డ్‌నర్ సంగతి విని కన్వర్టర్ మానేద్దాం అన్నారు. బ్లాస్టింగ్ వాళ్లు గార్నెట్‌కి ఒప్పుకున్నారు, షెడ్డులోనే ప్రైమర్ కొట్టుకోమన్నారు. చివరిగా ఒకటి. షాపులో ఎపాక్సీ థిన్నర్ లేదు, మామూలు ఎన్‌సీ థిన్నర్ కలుపుకోవచ్చు అంటున్నారు. కలపొచ్చా?

జవాబు (విజయవాడ ఆటోనగర్)

వద్దండీ. గన్ను కడుక్కోవడానికి మాత్రం ఎన్‌సీ థిన్నర్ వాడుకోండి. ప్రైమర్‌లో కలిపేది అదే కంపెనీ ఎపాక్సీ థిన్నర్ అయి ఉండాలి, అది కూడా కాగితంలో రాసిన శాతమే. ఇంకో షాపులో అడగండి, లేదా ముందే తెప్పించుకోండి. థిన్నర్, హార్డ్‌నర్ రెండూ చేతికి వచ్చాకే బ్లాస్టింగ్ తేదీ ఖాయం చేయండి. కలిపిన ప్రైమర్ మిగిలితే మర్నాటికి దాచొద్దు, గన్నులో అసలు ఉంచొద్దు.